ఆకుపచ్చ నీళ్ళ గురించి మీరడిగినవి

పోయిన నెల ఈ శీర్షికలో, రొయ్య పిల్లల హేచరీలో నేను పెంచిన పాచి గురించి నాలుగు మాటలు రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. నేను చదివింది బాటనీ ఎమ్మెస్సీ. పని చేసింది నెల్లూరు జిల్లా సముద్రపు ఒడ్డున ఒక హేచరీ ఆల్గే (పాచి) ల్యాబ్‌లో, 14 ఏళ్ళు. ఇప్పుడు ఇంటి వెనక మూడు తొట్లలో స్పిరులినా అనే తినే పాచిని పెంచుతున్నాను. నేను డాక్టర్ని కాదు. మందుల సంగతి వచ్చిన చోట మీ డాక్టరు చెప్పిందే చేయండి. మిగతాది నా కళ్ళతో చూసిందీ, చదివి సరిచూసుకున్నదీ రాస్తున్నాను.

ప్రశ్న: మాది పూర్తి శాకాహార కుటుంబం. నాకు 48 ఏళ్ళు. రక్త పరీక్షలో బి12 తక్కువ ఉందని ఇంజెక్షన్లు రాశారు. మా బంధువులావిడేమో స్పిరులినా బిళ్ళలు వేసుకుంటే బి12, ప్రోటీను రెండూ సరిపోతాయి, సూదులు ఎందుకు అంటున్నారు. డబ్బా మీద కూడా బి12 ఉందనే రాసి ఉంది. ఏం చేయమంటారు?
– ఒక గృహిణి, తెనాలి

ఇంజెక్షన్ మానకండమ్మా. ముందు ఈ మాట చెప్పి తర్వాత కారణం చెబుతాను. ఇదే పొరపాటు మా ఇంట్లో జరిగింది.

మా అమ్మ గుడ్డు కూడా ముట్టదు. నేను ఇంకా హేచరీలో ఉన్నప్పుడు, ఊళ్ళో ఎవరో ఏజెంటు వచ్చి ఆవిడకి స్పిరులినా డబ్బాలు అంటగట్టాడు. రెండేళ్ళు నమ్మకంగా వేసుకుంది. నాకు చెప్పలేదు, చెప్పినా ఆ రోజుల్లో నేనూ మంచిదేలే అని ఉండేదాన్ని. మెల్లగా అరికాళ్ళలో తిమ్మిర్లు మొదలయ్యాయి. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. గడప దాటేటప్పుడు గోడ పట్టుకునేది. వయసు వల్ల అనుకున్నాం. చివరికి పరీక్ష చేయిస్తే బి12 బాగా పడిపోయి ఉంది. ఇంజెక్షన్లతో తిమ్మిర్లు చాలావరకు తగ్గాయి గానీ, కుడి పాదం మొద్దుబారినట్టు ఉండటం ఈరోజుకీ పూర్తిగా పోలేదు. నేను బతుకంతా పాచితోనే గడిపి, అమ్మ మింగుతున్న పాచి గురించి అడగలేదే అన్న బాధ నాకు ఇంకా ఉంది.

కారణం ఇది. స్పిరులినాలో బి12 లాంటి పదార్థం నిజంగానే ఉంటుంది. కానీ అందులో ఎక్కువ భాగం మన ఒంటికి పనికిరాని రూపం. దాన్ని సూడో విటమిన్ బి12 అంటారు. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు స్పిరులినా బిళ్ళలను పరీక్షిస్తే 83 శాతం ఆ పనికిరాని రూపమే, 17 శాతమే అసలుది. మరి డబ్బా మీద అంకె అబద్ధమా అంటే, అలా అనలేం. బి12ని కొలవడానికి పాతకాలం నుంచీ ఒక బాక్టీరియాను వాడతారు. ఆ బాక్టీరియా ఎంత పెరిగితే అంత విటమిన్ ఉన్నట్టు లెక్క. దానికి రెండు రూపాలూ పనికొస్తాయి, మనకు ఒక్కటే పనికొస్తుంది. అందుకే అంకె పెద్దగా కనిపిస్తుంది.

ఇక ప్రోటీను. స్పిరులినా ఎండు పొడిలో 60 నుంచి 70 శాతం ప్రోటీనే అన్నది నిజం. ఏ పప్పులోనూ అంత ఉండదు. కానీ ఎంత తింటున్నాం అన్నది చూడాలి కదా. మీ డబ్బాలో బిళ్ళ అర గ్రాము ఉంటుంది. అందులో ప్రోటీను 0.3 గ్రాము. రోజుకు ఆరు వేసుకుంటే రెండు గ్రాములు కూడా రాదు. మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 55 కిలోల స్త్రీకి రోజుకు దాదాపు 46 గ్రాములు కావాలి. గుప్పెడు కందిపప్పు, అంటే 30 గ్రాములు వండుకుంటే ఆరు గ్రాముల పైనే వస్తుంది. ఆ డబ్బా ఖరీదుకి ఎన్ని కిలోల కందిపప్పు వస్తుందో మీకే తెలుసు.

అలాగని స్పిరులినాలో ఏమీ లేదని నేను అనను. విటమిన్ ఎ గా మారే బీటా కెరోటిన్ అందులో దండిగా ఉంది. ఇనుము ఉంది. చెన్నైలోని మురుగప్ప చెట్టియార్ పరిశోధనా కేంద్రం వాళ్ళు పల్లెటూళ్ళలో ఆడవాళ్ళు పెంచుకునేలా చిన్న తొట్ల పద్ధతి తెచ్చింది, పిల్లలకు ఇచ్చి చూసింది ఈ విటమిన్ ఎ కోసమే. భోజనం పక్కన చెంచాడు పొడిగా తీసుకోండి, మంచిదే. భోజనానికి బదులుగానో, సూదికి బదులుగానో మాత్రం వద్దు.

ప్రశ్న: స్పిరులినా మొక్కా, నాచా, బాక్టీరియానా? ఒక్కో చోట ఒక్కోలా రాస్తున్నారు.
– డిగ్రీ విద్యార్థి, వరంగల్

బాక్టీరియానే. సయనోబాక్టీరియా, మనం నీలి ఆకుపచ్చ శైవలాలు అని చదువుకున్న జాతి. కణంలో కేంద్రకం ఉండదు. క్లోరెల్లా, డునాలియెల్లా అసలైన ఆకుపచ్చ శైవలాలు, వాటికి కేంద్రకం, హరితరేణువు అన్నీ ఉంటాయి. అయినా అందరూ కలిపి సూక్ష్మ శైవలాలు అనే పిలుస్తారు, ఎందుకంటే చేసే పని ఒకటే: ఎండనీ, బొగ్గుపులుసు వాయువునీ తీసుకుని తిండి తయారుచేయడం. భూమి మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం సముద్రాల్లో ఈ కంటికి కనపడని వాటివల్లే జరుగుతోంది. ఇంకో సంగతి, మనం తినే స్పిరులినాకి శాస్త్రవేత్తలు చాలాకాలంగా వాడుతున్న పేరు ఆర్థ్రోస్పైరా. పరీక్షలో అడిగితే అదే రాయండి. కొట్లో మాత్రం పాత పేరే నడుస్తోంది.

ప్రశ్న: నేను ముత్తుకూరులో ఫిషరీ సైన్సు చదువుతున్నాను. హేచరీలో ఆల్గే ల్యాబ్ ఉద్యోగం అంటే మా ఇంట్లో చిన్నచూపు చూస్తున్నారు, సీసాలు కడిగే పని అంటున్నారు. ఆ పని ఎలా ఉంటుందో చెప్పగలరా అక్కా?
– ఒక విద్యార్థిని

సీసాలు కడగడం నిజమేనమ్మా. నా మొదటి ఆరు నెలలు అదే పని. ఆ కడగడంలోనే సగం విద్య ఉందని తర్వాత తెలిసింది. ఒక్క సీసా సరిగా ఆరకపోయినా, ఒక్క దూదిబిరడా తడిసినా, నాలుగు రోజుల తర్వాత కల్చర్ మొత్తం పోతుంది.

మేము పెంచేది కీటోసెరోస్. ల్యాబ్‌లో అందరూ కీటో అంటారు. డయాటమ్ జాతి. ఒక్కో కణానికి డబ్బా, మూతలాగా రెండు ముక్కల ఇసుక గాజు గోడ ఉంటుంది. మూలల నుంచి మీసాల్లాంటి సన్నటి ముళ్ళు పొడుచుకొస్తాయి. గోడ కట్టుకోవాలి కాబట్టి నీళ్ళలో నత్రజని, భాస్వరం, విటమిన్లతో పాటు సిలికేట్ కూడా వేయాలి. సిలికేట్ మర్చిపోతే మిగతావన్నీ ఉన్నా పెరగదు. పరీక్షనాళికలో మొదలుపెడతాం. అక్కణ్ణుంచి చిన్న ఫ్లాస్కు, పెద్ద ఫ్లాస్కు, 20 లీటర్ల కార్బాయ్, చివరికి ఆరుబయట టన్ను తొట్టి. ప్రతి మెట్టు దగ్గరా ఒక చుక్క తీసి, గళ్ళు గీసిన గాజు పలక మీద వేసి, మైక్రోస్కోప్ కింద కణాలు లెక్కపెట్టాలి. బాగా ఎదిగిన కల్చర్ రంగు టీ డికాక్షన్‌లో రెండు చుక్కల పాలు పడ్డట్టు ఉంటుంది. రంగు చూసి లెక్క చెప్పేయడం నాకు మూడో ఏడాదికి గానీ రాలేదు.

ఇదంతా ఎందుకో చెబుతాను. రొయ్య గుడ్డు నుంచి బయటికొచ్చిన పిల్లను నాప్లియస్ అంటారు. దానికి నోరు పనిచేయదు. పొట్టలోని పచ్చసొనతో ఒకటిన్నర, రెండు రోజులు గడుపుతుంది. తర్వాత జోయియా దశ. ఆ క్షణం నుంచి తిండి కావాలి. నోటికి పట్టేంత చిన్నదీ, నీళ్ళలో తేలుతూ ఉండేదీ, అరిగేదీ కావాలి. అది కీటోనే. లార్వా తొట్టిలో మిల్లీలీటరుకు లక్ష కణాల దాకా ఉండేలా చూసుకుంటాం. తిన్నదో లేదో ఎలా తెలుస్తుందంటే, ఒక గాజు బీకరులో కాసిని పిల్లల్ని తీసి వెలుతురుకి ఎదురుగా పట్టుకోవాలి. బాగా తిన్న జోయియా వెనకాల గోధుమరంగు దారం వేలాడుతూ ఉంటుంది, దాని ఒంటి కంటే పొడుగ్గా. అది పెంట దారం. హేచరీలో పొద్దున్నే ఆ దారాలు చూస్తే వచ్చే నిమ్మళం ఏ జీతంతోనూ రాదు. దారం లేని పిల్లలు కనిపించాయంటే మాత్రం ల్యాబ్ అంతా టెన్షన్.

ఒక వేసవి రాత్రి కరెంటు పోయింది, జనరేటర్ ఎత్తుకోలేదు. గాలి కొట్టే బ్లోయర్ ఆగిపోయింది. కీటో బరువైనది, కదలిక లేకపోతే అడుక్కి దిగిపోతుంది. తెల్లారేసరికి టన్ను తొట్లు నాలుగూ పైన తేటగా, అడుగున బురదలా తేరుకుని ఉన్నాయి. నురగ, కుళ్ళు వాసన. మళ్ళీ కార్బాయ్ నుంచి పెంచుకురావడానికి మూడు రోజులు. జోయియా మూడు రోజులు ఆగదు కదా. పక్క హేచరీని బతిమాలి నాలుగు డ్రమ్ములు తెచ్చి సగం పిల్లల్ని దక్కించుకున్నాం. మిగతా సగం పోయాయి. ఆ రోజు మా మేనేజరు నాతో అన్న మాట: "తల్లి రొయ్యల్ని డబ్బు పెట్టి కొనొచ్చమ్మా, కీటోని టైముకి ఎక్కడా కొనలేం."

మీ ఇంట్లో వాళ్ళకి ఈ పేజీ చూపించండి. ఆంధ్ర తీరంలో రొయ్యల మీద ఇన్ని కుటుంబాలు బతుకుతున్నాయంటే, ప్రతి చెరువుకీ మొదలు ఆ ఏసీ గదిలో ట్యూబులైటు కింద ఉన్న సీసాయే. చేరే ముందు మాత్రం రెండు అడగండి: రాత్రి డ్యూటీకి రూము ఉందా, జనరేటర్ ఎవరు చూస్తారు అని.

ప్రశ్న: ఆకివీడు దగ్గర నాలుగు ఎకరాల వెనామీ చెరువు అండి. నీళ్ళు పచ్చగా మంచి రంగులో ఉన్నాయి. పాచి ఆక్సిజన్ ఇస్తుందంటారు కదా, మరి తెల్లారుజామున రొయ్యలు ఎందుకు తేలుతున్నాయండి?
– ఒక రైతు

అదే పాచి వల్లనండి. పగలు ఎండ ఉన్నంతసేపూ అది ఆక్సిజన్ ఇస్తుంది. మధ్యాహ్నం మూడింటికి మీటరు పెడితే లీటరుకు పది మిల్లీగ్రాముల పైన కూడా చూపించవచ్చు. పొద్దుగూకగానే తయారుచేయడం ఆగిపోతుంది, ఊపిరి తీసుకోవడం ఆగదు. రాత్రంతా రొయ్యలూ, అడుగున కుళ్ళే మేతా, పాచీ అందరూ అదే ఆక్సిజన్ వాడుకుంటారు. తెల్లవారుజామున నాలుగు, అయిదు గంటలకి నీళ్ళలో ఆక్సిజన్ బాగా ఖాళీ అయిపోతుంది. అది మూడు మిల్లీగ్రాముల కంటే తగ్గిందంటే రొయ్య పైకి రాక ఏం చేస్తుంది? రంగు ఎంత చిక్కగా ఉంటే రాత్రి కరువు అంత ఎక్కువ. పగలు ఇచ్చిన దాన్ని చూసి మురిసిపోతాం గానీ, రాత్రి అడిగేది లెక్కలో వేసుకోం.

తెల్ల పళ్ళెం, అదే సెచ్చి డిస్క్, దించి చూడండి. 30 నుంచి 45 సెంటీమీటర్ల లోతులో కనిపించకుండా పోతే సరిపోయే రంగు. 20కే మాయమైతే చిక్కన ఎక్కువైందని. మేత తగ్గించండి, కొంచెం నీళ్ళు మార్చండి. నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు పగలు తిప్పి రాత్రి ఆపే రైతులు ఇంకా ఉన్నారు. కరెంటు బిల్లు తగ్గించాలంటే పగలు తగ్గించండి గానీ, రాత్రి రెండు నుంచి పొద్దెక్కే దాకా ఒక్కటి కూడా ఆపకండి. వరసగా రెండు రోజులు మబ్బు పట్టిందంటే మరీ జాగ్రత్త. ఎండ లేక పాచి ఒక్కసారిగా చచ్చి అడుగున పడితే, అది కుళ్ళడానికి మళ్ళీ ఆక్సిజనే కావాలి. నీళ్ళు రాత్రికి రాత్రే పచ్చ నుంచి తేటగానో, గోధుమరంగుగానో మారాయంటే అదే జరిగిందని అర్థం.

గాలివాటున ఒక మూలకి పెయింటు ఒలికినట్టు నీలిపచ్చ మీగడ చేరుతుంటే మాత్రం అది మంచి రంగు కాదు. నీలి ఆకుపచ్చ రకం ఎక్కువైందని. రొయ్యకి మట్టి వాసన పట్టేది దానివల్లే. అది చేరిన మూల నుంచి వలతో తీసేయండి.

ప్రశ్న: ఆంటీ, నేను ఏడో తరగతి. అమ్మ రొయ్యలు వండితే ఎర్రగా ఎందుకు అవుతాయి? కారం వేయకముందే అవుతున్నాయి.
– సూళ్ళూరుపేట

ఎంత బాగా చూశావమ్మా! కారం వేయకముందే అవుతాయని గమనించావు చూడు, అది నాకు చాలా నచ్చింది.

రొయ్యలో ఆ ఎరుపు ముందు నుంచే ఉంది. దాని పేరు ఆస్టాజాంథిన్. పచ్చి రొయ్యలో ఒక ప్రోటీను దాన్ని గట్టిగా చుట్టుకుని ఉంటుంది. అలా చుట్టుకున్నప్పుడు అది బూడిద నీలంగా కనిపిస్తుంది. వేడి తగలగానే ప్రోటీను ఊడిపోతుంది, లోపలి ఎరుపు బయటపడుతుంది. ఆ ఎరుపును రొయ్య సొంతంగా మొదటి నుంచీ తయారుచేసుకోలేదు. పాచి తయారుచేసే రంగులు తిండిలోంచి దాని ఒంట్లోకి చేరాలి.

మీ ఊరికి ఇంకో మంచి ఉదాహరణ ఉంది. పులికాట్‌కి వచ్చే ఫ్లెమింగోలు చూశావు కదా. వాటి గులాబీ రంగూ ఇలాంటిదే. పిల్లలుగా ఉన్నప్పుడు అవి బూడిద రంగులో ఉంటాయి. పాచినీ, పాచి తిన్న చిన్న చిన్న రొయ్య జాతి పురుగుల్నీ తిని తిని రంగు తెచ్చుకుంటాయి. ఆఫ్రికాలో ఉప్పు సోడా సరస్సుల దగ్గర ఉండే లెసర్ ఫ్లెమింగో అనే చిన్న జాతికైతే ముఖ్యమైన తిండి స్పిరులినానే. నేను తొట్లో పెంచేది, అవి లక్షల్లో దిగి ముక్కుతో వడకట్టుకుని తినేది ఒకటే. ఈసారి పులికాట్ వెళ్ళినప్పుడు తల కిందులుగా పెట్టి నీళ్ళు ఎలా వడకడతాయో చూసి నాకు రాయి.

ప్రశ్న: క్లోరెల్లా డబ్బా మీద "కణ గోడ పగలగొట్టినది" అని ఉంది. అంటే ఏమిటి?
– రిటైర్డ్ ఉద్యోగి, విశాఖపట్నం

క్లోరెల్లా గోడ చాలా గట్టిది. మన కడుపు దాన్ని సరిగా అరిగించలేదు. అందుకని మిల్లులో నూరి గోడ చిట్లగొడతారు. ఆ మాట లేని డబ్బా కొనకండి. స్పిరులినాకి ఆ అవసరం లేదు, దాని గోడ మెత్తన. మీరు రక్తం పల్చబడే మందు, ముఖ్యంగా వార్ఫరిన్, వాడుతుంటే క్లోరెల్లా మొదలుపెట్టే ముందు డాక్టరుకి తప్పక చెప్పండి. ఇందులో విటమిన్ కె ఎక్కువ, మందు పనికి అడ్డం వస్తుంది.

ప్రశ్న: సిద్దిపేట దగ్గర మాకు కొంచెం జాగా ఉంది. 10 అడుగులు, 5 అడుగుల స్పిరులినా తొట్లు కట్టిస్తాం, పొడి మేమే కొంటాం, మంచి ఆదాయం వస్తుంది అని ఒకాయన ట్రైనింగ్ ఫీజు అడుగుతున్నాడు. కట్టమంటారా?
– ఒక యువకుడు

ఫీజు కట్టకముందు ఆయన కొన్న సరుకు రసీదులు, ఆయనకి అమ్మిన రైతుల ఊళ్ళు అడుగు తమ్ముడూ. వెళ్ళి వాళ్ళతో మాట్లాడు. అది కాకుండా ఒక్క రూపాయి ఇవ్వకు.

పెంచడం బ్రహ్మవిద్య కాదు. స్పిరులినాకి క్షార జలం కావాలి. ఆఫ్రికాలో చాద్ సరస్సు ఒడ్డున కనెంబు జాతి ఆడవాళ్ళు తరతరాలుగా సోడా గుంటల్లోంచి దీన్ని వడకట్టి, ఇసుకలో ఆరబెట్టి, దిహే అనే బిళ్ళలు చేసి కూరల్లో వేసుకుంటారు. మన దగ్గర మహారాష్ట్రలోని లోణార్ సరస్సులో అదే తీరున దానంతట అదే పెరుగుతుంది. తొట్లో ఆ సరస్సుని మనం తయారుచేయాలి. ల్యాబ్ లెక్కలో లీటరుకు 16 గ్రాములకు పైగా తినే సోడా, దాంతో నత్రజని, భాస్వరం, పొటాష్, కాస్త ఉప్పు, ఇనుము. పీహెచ్ 9.5 నుంచి 10.5 మధ్య. వేడి 30 నుంచి 35 డిగ్రీలు. లోతు జానెడు. రోజంతా మెల్లగా కలుపుతూ ఉండాలి, లేకపోతే పైన ఉన్నవి ఎండకి మాడి, కింద ఉన్నవి నీడలో పడిపోతాయి. మీ దగ్గర వేసవి ఎండకి పైన షేడ్ నెట్ తప్పదు. శీతాకాలంలో దిగుబడి సగానికి పడిపోతుంది, అది ముందే లెక్క వేసుకో.

నేను తెల్లవారుజామున తీస్తాను, అప్పుడు ప్రోటీను ఎక్కువగా ఉంటుంది. సన్నటి నైలాన్ గుడ్డలో వడకడితే ముద్ద మిగులుతుంది. ముదురు పచ్చ, నెయ్యి గడ్డకట్టినట్టు మెత్తగా, వాసన పెద్దగా ఉండదు. మంచినీళ్ళతో కడిగి, గుడ్డలో కట్టి బరువు పెట్టి నీరు పిండి, జంతికల గొట్టంలో వేసి సన్న కారప్పూసలా తెర మీద నొక్కుతాను. గాలి ఆడే పెట్టెలో, ఎర్రటి ఎండ తగలకుండా, సాయంత్రానికి విరిగేంత ఆరిపోవాలి. ఆలస్యమైతే చేపల వాసన వస్తుంది, ఇక దాన్ని ఎవరూ కొనరు. మంచి రోజుల్లో చదరపు మీటరుకు ఎనిమిది, పది గ్రాముల ఎండు పొడి. నువ్వు చెప్పిన 10 అడుగులు, 5 అడుగుల తొట్టికి రోజుకు 40 గ్రాములు, అటూ ఇటూగా. నెలకి కిలో, కిలోం పావు. ఆయన చెబుతున్న ఆదాయాన్ని ఈ అంకెతో భాగించి చూడు.

ఇంకొకటి అసలైన సంగతి. రెండేళ్ళ కిందట మా రెండో తొట్టి మీద రేకు జరిగి, రాత్రంతా వాన నీళ్ళు పడ్డాయి. పీహెచ్ పడిపోయింది. నాలుగో రోజు పైకి చూస్తే పచ్చగానే ఉంది, ఇంకా లేతగా, ముచ్చటగా కూడా ఉంది. చుక్క తీసి చూస్తే మెలికలు తిరిగిన స్ప్రింగుల్లాంటి స్పిరులినా పోగుల మధ్య గుండ్రటి పచ్చ కణాలు లెక్కలేనన్ని. ఏ రకమో తేల్చుకోకుండా తినే దాంట్లో ఉంచలేను. తొట్టి మొత్తం పారబోసి, బ్లీచింగ్‌తో కడిగి, మళ్ళీ మొదలుపెట్టాను. నీలి ఆకుపచ్చ జాతుల్లో కొన్ని మైక్రోసిస్టిన్ అనే విషం తయారుచేస్తాయి, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వండితే పోయేది కాదు. కాబట్టి మైక్రోస్కోప్ లేకుండా ఈ పనిలోకి దిగకు. ఊరి చెరువులో పచ్చగా కనిపించింది కదా అని దాన్ని తెచ్చి పెంచడం అసలే వద్దు. అమ్మాలంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనే ఆహార భద్రతా సంస్థ లైసెన్సు, సీసం, పాదరసం లాంటి లోహాల పరీక్ష, ఈ విషం పరీక్ష చేయించాలి. నువ్వు వాడే నీళ్ళలో, ఎరువులో లోహం ఉంటే అది నేరుగా పొడిలోకి ఎక్కుతుంది.

ముందు ఒక ప్లాస్టిక్ టబ్బులో ఏడాది పాటు పెంచు. ఒక వేసవి, ఒక వాన, ఒక చలి దాటనీ. అప్పటికీ ఇష్టం ఉంటే రాయి, తొట్టి కొలతలు నేనే ఇస్తాను. ఫీజు వద్దు.

ప్రశ్న: మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది, అయిదో నెల. శాకాహారి. అక్కడి డాక్టరు డీహెచ్ఏ కోసం ఆల్గే ఆయిల్ క్యాప్సూల్స్ వాడమన్నారట. పాచి నూనె కడుపుతో ఉన్న పిల్ల తినవచ్చా? అవిసె గింజలు చాలవా?
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

తినవచ్చండి, నిశ్చింతగా ఉండండి. అక్కడి డాక్టరు సరైన మాటే చెప్పారు. బిడ్డ మెదడు, కంటి రెటీనా ఏర్పడటానికి డీహెచ్ఏ అనే ఒమేగా-3 కొవ్వు కావాలి. గర్భిణులకు రోజుకు 200 మిల్లీగ్రాములైనా ఉండాలంటారు. చేప తినే వాళ్ళకి చేపలోంచి వస్తుంది. చేపకి ఎక్కడిది? సముద్రంలో పాచి తయారుచేస్తే, పాచిని చిన్న పురుగులు, పురుగుల్ని చిన్న చేపలు, వాటిని పెద్ద చేపలు తింటూ పైకి చేరుతుంది. మీ అమ్మాయి మధ్యలో చేపని వదిలేసి మొదటి చోటు నుంచే తీసుకుంటోంది, అంతే.

అవిసె గింజల్లో ఉండేది ఒమేగా-3లో వేరే రకం. ఒంట్లో అది డీహెచ్ఏగా మారేది చాలా కొద్ది. అవిసె పొడి అన్నంలో కలుపుకోవడం మంచిదే, ఈ అవసరానికి మాత్రం చాలదు.

ఈ నూనె చరిత్ర నాకు చాలా ఇష్టం. అంతరిక్షంలో దూర ప్రయాణాలకి ఆక్సిజన్, తిండి పాచి నుంచే తీసుకోవచ్చా అని అమెరికాలో పరిశోధన చేసిన వాళ్ళలో కొందరు బయటికొచ్చి 1985లో మార్టెక్ అనే కంపెనీ పెట్టారు. వాళ్ళు వెతికి పట్టుకున్న రకం ఎండలో కాదు, చీకట్లో, స్టీలు ట్యాంకుల్లో చక్కెర తింటూ పెరుగుతుంది. తలుపులు మూసిన ట్యాంకు కాబట్టి సముద్రపు పాదరసం దానికి అంటదు. 2002 నుంచి అమెరికాలో పసిపిల్లల పాల డబ్బాల్లో ఈ నూనె వేస్తున్నారు. మీ అమ్మాయికి ఒక్కటి చెప్పండి: క్యాప్సూల్ తొడుగు జెలటిన్‌తో చేసిందేమో లేబులు చూసుకోమనండి. నూనె శాకాహారమైనా తొడుగు కాకపోవచ్చు.

ప్రశ్న: కావలి దగ్గర ప్రభుత్వ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. పిల్లలకి శైవలాలు పుస్తకంలో బొమ్మ చూపించడం తప్ప వేరే దారి లేదు. తక్కువ ఖర్చులో ఏమైనా చేయించవచ్చా మేడమ్?
– ఒక ఉపాధ్యాయుడు

చేయించవచ్చు మాస్టారూ. ఒక చెంచా స్పిరులినా పొడి సంపాదించండి. రెండు గ్లాసుల చల్లటి నీళ్ళలో కలిపి, రాత్రంతా ఫ్రిజ్‌లో కదపకుండా ఉంచండి. మర్నాడు పైన తేరిన నీటిని కాఫీ ఫిల్టరు కాగితంలో వడకట్టండి. పచ్చ పొడి నుంచి నీలి నీళ్ళు దిగుతాయి. పిల్లలు నమ్మరు. పత్రహరితం నీళ్ళలో కరగదు కాబట్టి అది కాగితం మీదే ఉండిపోతుంది, ఫైకోసయనిన్ అనే నీలం కరిగి కిందికి దిగుతుంది. ఆ నీలాన్నే చాక్లెట్లు, చూయింగ్ గమ్ములకి రంగుగా వాడుకోవడానికి అమెరికా 2013లో అనుమతి ఇచ్చింది. ఇప్పుడు గాజు గ్లాసుని కిటికీ ఎండలో పెట్టి, నల్లటి అట్ట వెనక పెట్టి పక్క నుంచి చూడమనండి. నీలి నీళ్ళు ఎర్రగా మెరుస్తాయి. మింగిన వెలుతురులో కొంత ఎరుపుగా తిరిగి ఇచ్చేస్తుంది. తర్వాత సగం నీళ్ళని స్టవ్ మీద మరగనివ్వండి, నీలం వెలిసిపోతుంది. స్పిరులినాని సాంబారులో వేసి మరిగించవద్దని నేను ఎందుకు అంటానో పిల్లలకి చెప్పకుండానే అర్థమవుతుంది.

మైక్రోస్కోప్ లేకపోతే ఫోల్డ్‌స్కోప్ అనే కాగితపు మైక్రోస్కోప్ దొరుకుతుంది, శాస్త్రవేత్త మను ప్రకాష్ గారు తయారుచేసింది. ఫోన్ కెమెరాకి అతికించి బడి వెనక గుంటలో నీటి చుక్క చూపించండి.

బతికున్న స్పిరులినా కావాలంటే ఈ పత్రిక చిరునామాకి బడి పేరు రాయండి, మా మూడో తొట్టి నుంచి లీటరు సీసాలో పంపుతాను. అందగానే మూత వదులు చేయండి, లోపల అవి ఊపిరి తీసుకుంటూనే ఉంటాయి. కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట పెట్టి, పొద్దునొకసారి, సాయంత్రమొకసారి ఒక పిల్ల చేత మెల్లగా ఊపించండి.